మక్కజొన్న చేల కుర్రాళ్లు

అమెరికాలోని లింకన్‌కి చదువుకోడానికొచ్చిన కొత్తలో, ఓ శనివారం పాల కోసం బయటికెళ్తే ఊరంతా ఎర్ర చొక్కాలే. ఏదో జాతరనుకున్నా. తీరా చూస్తే నెబ్రాస్కా యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్! బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తే ఆటకి ఆ పేరేమిటో నాకిప్పటికీ అంతుపట్టదు.

సీజన్‌కి మామూలుగా పన్నెండు ఆటలే. 1962 నుంచి స్టేడియం నిండని మ్యాచ్ లేదంటారు. రాష్ట్ర జనాభా చూస్తే సుమారు 20 లక్షలే. మరి ఆటగాళ్లో? జట్టుకి స్కాలర్‌షిప్పులు 85కి మించకూడదన్న నిబంధన చాలాకాలం ఉండేది. అవి దొరకని పల్లెటూరి కుర్రాళ్లు సొంత ఖర్చుతో ‘వాకాన్’లుగా చేరేవారు. 1973 నుంచి 1997 దాకా కోచ్‌గా ఉన్న టామ్ ఆస్‌బర్న్ వాళ్లని ఓపిగ్గా సానబెట్టాడు. ఐదొందల మంది కూడా లేని బ్రెయినార్డ్ అనే ఊరి నుంచి అలా వచ్చిన జోయెల్ మకోవిక 1999లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లాడు. 2025లో జట్టుకి 105 మందే అని పరిమితి వచ్చింది. ఇలాంటివాళ్లకి చోటు తగ్గింది.

మొదటిసారి స్టేడియానికెళ్లినప్పుడు పక్క సీట్లో ఓ రైతు తాత. ‘‘అదుగో, ఆ చివర నిలబడ్డవాడు! వాళ్ల నాన్న దగ్గరే నేను విత్తనాలు కొంటా’’ అన్నాడు. ఆ కుర్రాడు ఆ రోజు మైదానంలోకి దిగనే లేదు. తాత మాత్రం చివరిదాకా బైనాక్యులర్స్ దించలేదు.