మీకు తెలుసా? వాల్వుకీ సరైన బిగువు కావాలి

సోలాపూర్‌లో తరాలుగా స్థిరపడిన తెలుగు పద్మశాలీలకు పడుగు బిగువు సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. వదులైతే నేత చెడుతుంది, మరీ బిగిస్తే పోగు తెగుతుంది. వాల్వు ఆంప్లిఫయర్‌లో ‘బయాస్’ పనీ అదే. పాట లేనప్పుడు వాల్వులో ఎంత కరెంటు పారాలో అది నిర్ణయిస్తుంది. ఆ కరెంటు తక్కువైతే పాట గరగరలాడుతుంది. ఎక్కువైతే ప్లేటు ఎర్రగా కాలి వాల్వు పాడవుతుంది.

లెక్క: ఈఎల్34 అనే వాల్వు ప్లేటు భరించే గరిష్ఠ వేడి 25 వాట్లు. పుష్-పుల్ ఆంప్లిఫయర్లలో అందులో 70 శాతం, అంటే 17.5 వాట్లు దాటనివ్వకపోవడం ఆనవాయితీ. ప్లేటు మీద 450 వోల్టులుంటే, 17.5ను 450తో భాగించండి: పాట లేనప్పుడు ఒక్కో వాల్వులో పారనివ్వదగ్గ కరెంటు సుమారు 39 మిల్లీఆంపియర్లు.

కొలత: కాథోడ్‌కీ గ్రౌండుకీ మధ్య 1 ఓమ్ రెసిస్టర్ ఉంటే, దాని మీద మల్టీమీటర్ చూపే ఒక్కో మిల్లీవోల్టు ఒక్కో మిల్లీఆంపియర్‌తో సమానం. ఇందులో కొంత స్క్రీన్ గ్రిడ్ కరెంటు కూడా కలిసి ఉంటుంది.

తనంతట తానే: ఈఎల్84 అనే వాల్వు కాథోడ్ దగ్గర 135 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే, సుమారు 7 వోల్టుల బయాస్ దానంతటదే ఏర్పడుతుంది.

జాగ్రత్త: స్విచ్ ఆపేశాక కూడా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. వాటిని డిశ్చార్జ్ చేసి, మీటరుతో సరిచూశాకే లోపల చెయ్యి పెట్టండి.