జన్నారం అడవికి ముగ్గురు పిల్లలతో

మా సంఘ సహోదరుడొకరు రెండేండ్లకు దుబాయి నుండి సెలవు మీద వచ్చి, పిల్లలకు పులిని చూపిస్తానన్నాడు. పెద్ద బిడ్డకు 15 ఏండ్లు, నడిమివాడికి 9, చిన్నదానికి 4. చిన్నదానికి తండ్రి ముఖమే కొత్త. రమ్మంటే మేమూ బయలుదేరాము. ఆదివారం ఆరాధన ఉంటుంది గనుక సోమవారం వెళ్లాము.

మోర్తాడ్ నుండి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా పోయి గోదావరి దాటితే జన్నారం. అక్కడి కవ్వాల్ అడవిని 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. అయినా పులి కనబడుట బహు అరుదు. కనబడేవి చుక్కల దుప్పులు, మనుబోతులు, నెమళ్లు. ప్రియ పాఠకులారా, ఈ సంగతి పిల్లలకు ఇంటివద్దనే చెప్పండి. మేము చెప్పలేదు, నడిమివాడు సగం దారి అలిగే ఉన్నాడు. చివరకు దుప్పులను లెక్కపెట్టే పని వాడికిచ్చి, పుస్తకంలో రాసే పని అక్కకిస్తే ఇద్దరికీ మాటలు కలిశాయి.

వానకాలంలో వెళ్లదలచినవారు అడవి తెరిచి ఉన్నదో లేదో అటవీశాఖవారిని ముందే అడగాలి. చలికాలమైతే తెరిచిన జీపులో పసిపిల్లలు వణికిపోతారు. మంకీటోపీ, శాలువా మరువవద్దు.

ఒక మనుబోతు పొదలోనుండి దబ్బున దారికి అడ్డం దూకింది. చిన్నది తల్లి ఒడిలోనుండి లేచి తండ్రి మెడను గట్టిగా పట్టుకున్నది. మోర్తాడ్ వచ్చేదాకా దిగలేదు. ఆయనకు ఇంకా 11 రోజుల సెలవున్నది.