చివరి మాట పాపది!

మా పాపకు మూడేళ్లు నిండేసరికి ఫోన్‌లో యాడ్ స్కిప్ చేయడం వచ్చేసింది. ‘అమ్మమ్మా’ అని పిలవడం మాత్రం రాలేదు!

మా ఆయనా నేనూ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. మీటింగ్ ఉంటే పాప చేతికి ఫోన్. అన్నం తినాలంటే ఫోన్. ఇంగ్లిష్ రైమ్స్ గడగడా పాడేస్తుంటే మురిసిపోయాం కూడా. కానీ దాహమేస్తే ‘నీళ్లు’ అని అడిగేది కాదు, నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్లేది. భయమేసి డాక్టర్‌కి చూపించాం. వినికిడి పరీక్ష చేయించి, అంతా బాగానే ఉందన్నాక ఆయన చెప్పింది ఒక్కటే: ‘ఫోన్ తగ్గించండి, మీరు మాట్లాడండి.’ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందీ ఇదే. ఏడాదిలోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దు. 2 నుంచి 4 ఏళ్ల వాళ్లకు రోజుకు గంట దాటొద్దు, ఎంత తగ్గితే అంత మంచిది.

ఫోన్ దాచేశాను. ఇల్లంతా ఏడుపే! ఆన్‌లైన్‌లో క్రాఫ్ట్ కిట్ తెప్పించాను. నేనే కత్తిరించి, నేనే అతికించి ముచ్చటైన ఏనుగు చేసి స్టేటస్‌లో పెట్టాను. బోలెడు లైకులు. పాప ముట్టుకోబోతే మాత్రం ‘పాడైపోతుంది’ అని ఆపేశాను.

అప్పుడే ఊరి నుంచి అమ్మ వచ్చింది. ఏనుగును చూసి, ‘అంతా నువ్వే చేసేస్తే దానికేం మిగిలిందే?’ అంది. ఆ సాయంత్రం చపాతీ పిండి ముద్ద ఒకటి పాప చేతిలో పెట్టి, చందమామ పాట అందుకుంది. అన్నమయ్య కూడా పాడి పిలిచిన చందమామే కదా! పాప చేతిలో జాబిల్లి సొరకాయలా తయారైంది. ‘అబ్బ, ఎంత బాగుందో!’ అంది అమ్మ. పాడుతూ పాడుతూ ఒక్కో లైన్ చివరి మాట దగ్గర ఆగి, పాప కళ్లలోకి చూసేది. మూడు రోజులు జవాబు లేదు. నాలుగో రోజు ఆ మాట పాపే అందించింది. నేను వంటింట్లో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆ తర్వాత మేం ఆడుకున్నవి ఇవీ...

రైలు పాట: ఖాళీ అగ్గిపెట్టెల్ని వరసగా దారానికి కట్టాం. ఒక్కో బోగీలో ఎవరెక్కారు? తాతయ్య, అత్త, మామయ్య... చుట్టాల పేర్లన్నీ పాప ఇక్కడే నేర్చుకుంది.

ఏనుగు పాట: నాన్న పాత సాక్స్ చేతికి తొడిగితే అదే తొండం. పైకి, కిందికి, మెల్లగా, గబగబా... ఆడిస్తుంటే మాటలు వాటంతటవే వస్తాయి.

చిలక పాట: పచ్చ కాగితం ముక్కలుగా చింపి, గీసిన బొమ్మ మీద అతికించడం. జిగురెందుకు? నాలుగు అన్నం మెతుకులు చాలు. చింపడం, నొక్కడం వల్ల వేళ్లకు బలం వస్తుంది. రేపు పెన్సిల్ పట్టుకోవడానికి కావాల్సిందీ అదే.

పూల పాట: ముదురు బెండకాయను అడ్డంగా కోసి, పసుపు నీళ్లలోనో బీట్‌రూట్ రసంలోనో ముంచి కాగితం మీద అద్దితే 5 రెక్కల పువ్వు. కోయడం మన పని, అద్దడం వాళ్ల పని. పసుపు మరక పోదు, పాత గౌను వేయండి!

వాన పాట: స్టీల్ పళ్లెం మీద వేళ్లతో టపటపా కొడితే చినుకులు, జోరు పెంచితే జడివాన. ఆనక టబ్‌లో కాగితం పడవ. నీళ్లు ఉన్నంతసేపూ పక్కనుంచి కదలొద్దు.

రోజుకో కొత్త పాట అక్కర్లేదు. వారమంతా ఒకటే పాడండి. మళ్లీ మళ్లీ వింటేనే చివరి మాట వాళ్ల నోట పలుకుతుంది. పాటలో ప్రాస చెవికి అలవాటైతే రేపు చదవడం కూడా తేలికవుతుంది. పది నిమిషాలకే లేచి వెళ్లిపోతే పోనివ్వండి. చింతగింజలు, గుండీలు, బటన్ బ్యాటరీలు మాత్రం అందకుండా పెట్టండి, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. గురివింద గింజలైతే విషం, వాటి జోలికే పోవద్దు. అన్నట్టు, మాటలు ఆలస్యమైతే ఆటపాటలతో సరిపెట్టకండి. ముందు డాక్టర్‌కి చూపించండి.

ఫోన్ పూర్తిగా మానేశామని అబద్ధం చెప్పను. పనెక్కువైన రోజు ఇప్పటికీ ఓ అరగంట ఇస్తుంటాను. కానీ అన్నం మాత్రం ఇప్పుడు పాటతోనే.

అమ్మ ఊరెళ్లిపోయింది. మొన్న వీడియో కాల్‌లో పాప ‘అమ్మమ్మా’ అని పిలిచి, చందమామ పాట ఎత్తుకుంది. చివరి మాట దగ్గర టక్కున ఆగి, స్క్రీన్‌లోకి చూస్తూ కూర్చుంది. అటునుంచి అమ్మ అందించేదాకా కదిలితే ఒట్టు!