బొమ్మలకీ వయసొస్తోంది!

షిన్‌చాన్ వయసెంతో చెప్పుకోండి చూద్దాం! ఐదేళ్లే! 1990లో జపాను పత్రికలో బొమ్మల కథగా పుట్టి, 1992లో అక్కడి టీవీకెక్కిన ఈ అల్లరి పిడుగుకి ఇవాళ్టికీ ఐదేళ్లే. హంగామా ఛానల్లో వాడు తెలుగులో వాగుతుంటే పుస్తకాల సంచీ మూలన పడేసి చూసిన మనమేమో డిగ్రీలు పూర్తి చేసి, ఉద్యోగాల వేటలో పడ్డాం. కొందరికి పెళ్లిళ్లు కూడా అయిపోయాయి. వాడు మాత్రం ఇంకా బడికి ఆలస్యంగానే వెళుతున్నాడు!

యానిమే అనగానే చాలామందికి గుర్తొచ్చేది కత్తులూ, రాక్షసులూ, నిప్పులు చిమ్మే యుద్ధాలూను. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' తెలుగు మాటలతో కూడా మన థియేటర్లలో విడుదలైంది. ఆ సందడి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. అయితే జపాను వాళ్ల దగ్గర ఇంకో రకం సరుకు ఉంది. 'స్లైస్ ఆఫ్ లైఫ్' అంటారు. జీవితంలోంచి కోసిన ఒక ముక్క అన్నమాట. విలనుండడు, ఛాలెంజులుండవు. పొద్దున లేవడం, బడికి పోవడం, స్నేహితురాలితో అలగడం, సాయంత్రం టీ తాగడం... ఇంతే కథ!

ఈ తరహాకి పెద్దక్క 'సజాయే-సాన్'. హసెగావా మచికో అనే ఆవిడ 1946లో పత్రికలో మొదలుపెట్టిన కార్టూన్ కథ అది. 1969 అక్టోబరు నుంచి ఆదివారం సాయంత్రాల్లో టీవీలో వస్తూనే ఉంది. ఇన్ని దశాబ్దాల్లోనూ ఆ ఇంట్లో ఎవరికీ ఒక్క ఏడాది వయసు పెరగలేదు! 2009లో వచ్చిన 'కె-ఆన్!' కూడా దాదాపు ఈ కోవలోదే. బడిలో పాటల బృందం పెట్టిన ఆడపిల్లలు పాడినదాని కంటే కేకులు తిని టీ తాగిందే ఎక్కువ. అయినా కళ్లు తిప్పుకోలేం. ఏమీ జరగకపోవడంలోనే దాని సొగసంతా ఉంది.

మరి ఇప్పుడు మారిందేమిటి? నన్నడిగితే ఒక్క మాటలో చెబుతాను. ఆ కథల్లోకి కాలం అడుగుపెట్టింది.

'కె-ఆన్!' తీసిన దర్శకురాలు యమద నవోకోనే చూడండి. 2016లో ఆవిడ 'ఎ సైలెంట్ వాయిస్' తీసింది. చెవులు వినపడని అమ్మాయిని చిన్నప్పుడు ఏడిపించిన కుర్రాడు, పెద్దయ్యాక ఆ బరువు మోయలేక ఆమెను వెతుక్కుంటూ వస్తాడు. అదే బడి, అవే బెంచీలు. కాని గడిచిన ఏళ్లు మనిషిని వదలవు. అదే ఏడాది టీవీలో మొదలైన 'మార్చ్ కమ్స్ ఇన్ లైక్ ఎ లయన్'లో, అయినవాళ్లను పోగొట్టుకున్న కుర్రాడికి ముగ్గురు అక్కచెల్లెళ్లు అన్నం పెడతారు. ఆ అన్నం ముద్దలో ఎంత కథ ఉందో!

ఇక 2023 సెప్టెంబరులో వచ్చిన 'ఫ్రీరెన్' సంగతి. మా దామరచర్లలో మా చిన్నాయినని పక్కన కూచోబెట్టుకుని ఫోనులో మొదటి భాగం చూపించాను. రాక్షసరాజుని చంపేసి వీరులు ఇంటికొస్తుంటే కథ మొదలవుతుంది. చిన్నాయిన అప్పుడే అందుకున్నాడు: "గిదేందిరా, కథంతా అయిపోయినంక మొదలువెట్టిండు?"

ఆ బృందంలో ఫ్రీరెన్ అనే ఆమె వెయ్యేళ్లకు పైగా బతికే జాతిది. తోటివాళ్లతో తిరిగిన పదేళ్లు ఆమెకు రెప్పపాటు. యాభై ఏళ్ల తర్వాత తిరిగొచ్చేసరికి నాయకుడు హిమ్మెల్ ముసలివాడై ఉంటాడు. కొన్నాళ్లకే కన్నుమూస్తాడు. అంత్యక్రియల దగ్గర ఆమె ఏడుస్తుంది... ఇతన్ని నేను తెలుసుకోనే లేదే అని! అక్కడ్నుంచి మనుషుల్ని తెలుసుకోడానికి బయల్దేరుతుంది. వంటలు, వానలు, పాత దారులు, చిన్న చిన్న మాటలు. మాయలూ మంత్రాలూ ఉన్నా, నిజానికి ఇది రోజువారీ బతుకు కథే.

చిన్నాయిన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "గిది మన బలగమే గదరా!"

ఎంత మాటన్నాడు! 2023 మార్చిలో వచ్చిన వేణు యెల్దండి 'బలగం'లోనూ అంతే గదా. తాత కొమురయ్య పోయాక గాని ఆ ఇంటికి తాత విలువ తెలిసిరాలేదు. పిట్ట ముట్టకపోతే, ఎందుకు ముట్టలేదా అని ఇంటిల్లిపాదీ వెనక్కి తిరిగి చూసుకున్నారు. ఊళ్లలో జనం తెరలు కట్టుకుని మరీ ఆ సినిమా చూశారు. అంతకు ముందు 2018లో వెంకటేష్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' తీశాడు. విశాఖలోని ఆ పేటవాళ్లనే నటులుగా పెట్టి, నాలుగు వయసుల ప్రేమల్ని అల్లాడు. చివర్లోని గుట్టు చూడనివాళ్ల కోసం విప్పను! వీటిలో ఒకరిని చూసి ఒకరు కాపీ కొట్టారని కాదు సుమా. అక్కడా ఇక్కడా ప్రేక్షకుడు పెద్దవాడయ్యాడు. ఎప్పటికీ ముగియని సాయంత్రం అందంగానే ఉంటుంది. కాని తనకి రాత్రి పడుతోందని ప్రేక్షకుడికి తెలిసిపోయింది.

ఈ గొడవ మీకెందుకు చెబుతున్నానంటే, మా ఊరి కోసం. "మా దామరచర్లల ఏముంటది? ఏం గాదు" అంటారు మా కుర్రాళ్లు. అద్దంకి రోడ్డు మీద లారీలు, వరిపొలాలు, సినిమా అంటే మిర్యాలగూడ ప్రయాణం. నిజంగా ఏమీ జరగలేదా? మండలంలోని వీర్లపాలెంలో నాలుగు వేల మెగావాట్ల యాదాద్రి విద్యుత్కేంద్రానికి 2015లో పునాది పడింది. 2024 డిసెంబరులో తొలి యూనిట్ జాతికి అంకితమైంది. పునాది నాడు బళ్లో ఉన్న పిల్లలు ఇవాళ మీసాలు దువ్వుతున్నారు. పొలం గట్లెరిగిన తాతలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఇంతకంటే కథేం కావాలి?

మన ఉమ్మడి నల్లగొండ జిల్లా వెండితెరకి కోదాడ వైపు నుంచి కాంతారావునీ, తుంగతుర్తి నుంచి ప్రభాకరరెడ్డినీ ఇచ్చింది. ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం జీవితం 2019లో సినిమా అయింది. వీరులకీ, విజేతలకీ చోటు దొరికింది, సంతోషం! మామూలు మనిషి మాటేమిటి? జపానులో తొయోసాతో అనే చిన్న ఊరుంది. 'కె-ఆన్!' బడికి అక్కడి పాత ప్రాథమిక పాఠశాలే నమూనా. బొమ్మల పిల్లలు టీ తాగిన గదిని చూడ్డానికి అభిమానులు వెతుక్కుంటూ అంత దూరం వెళతారు. ఆ ఊళ్లోనూ ముందు "ఏముంది" అనే అనుకుని ఉంటారేమో!

కాబట్టి యువమిత్రులారా, జేబులో కెమెరా పెట్టుకు తిరిగే అదృష్టవంతులు మీరు. రీల్సు తీయండి, వద్దనను. కాని వాడపల్లిలో కృష్ణా మూసీ కలిసే చోట మీ తాతని కూచోబెట్టి, "తాతా, గప్పుడు గీడ ఎట్లుండె?" అని ఒక్కసారి అడగండి. ఆయన మొదలుపెడితే ఆపడు. మీరూ ఆపకండి! ఫ్రీరెన్‌కి వెయ్యేళ్లున్నాయి, తీరిగ్గా తెలుసుకుంటుంది. మనకి అంత టైమెక్కడిది?