పక్షి రెట్ట, పట్టణ మురుగు, సముద్రస్నానం

పాయకరావుపేట, తుని పట్టణాల మధ్యగా పారే తాండవ నది పెంటకోట వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. నది మొగ, మత్స్యకారుల పల్లె, ఇసుక తీరం ఒక్కచోట కలిసిన ఇటువంటి తావులలో వలల నుంచి రాలిన చిరుచేపల కోసం, ఎండబెట్టిన నెత్తళ్ల కోసం కాకులు, కొంగలు, గరుడపక్షులు ఏడాది పొడవునా తిరుగుతుంటాయి; టిబెట్, మధ్య ఆసియా ఎత్తు ప్రాంతాల సరస్సుల దగ్గర పిల్లలను చేసే గోధుమరంగు తల సీగల్స్, అంటే కొందరు సముద్రపు కాకులని పిలిచే వలస పక్షులు, చలికాలంలో వచ్చి వాటితో కలుస్తాయి. కార్తీక, మాఘ మాసాల పుణ్యస్నానాలకు కోస్తా జనం సముద్రానికి చేరేదీ ఆ చలికాలంలోనే. అందువల్ల పక్షుల రెట్ట పడిన నీటిలో మునగడం ఎంతవరకు క్షేమమన్న ప్రశ్న ఈ తీరానికి సహజంగానే వర్తిస్తుంది.

పక్షులకు మలమూత్రాలకు వేర్వేరు ద్వారాలు ఉండవు. రెట్టలో తెల్లగా కనిపించేది మూత్రానికి సంబంధించిన యూరిక్ ఆమ్లం, నల్లగా ఉండేది మలం. ఆ మలంలో, ఉష్ణరక్త జీవులన్నిటి పేగుల్లో మాదిరిగానే, ఈ.కోలి, ఎంటెరోకోకై అనే బ్యాక్టీరియా పుష్కలంగా ఉంటుంది. వీటిలో అధికభాగం మనిషికి హాని చేయనివే అయినా, నీటిలో ఇవి కనబడితే మలం కలిసిందని అర్థం కనుక, రోగకారక క్రిములను ఒక్కొక్కటిగా వెతకడం అసాధ్యమైన చోట వీటిని సూచికలుగా తీసుకుంటారు. నీటి నమూనాను అతి సన్నని రంధ్రాలున్న పొరగుండా వడకట్టి, ఆ పొరను పోషకాల మీద ఉంచి దాదాపు ఒక రోజు వెచ్చగా ఉంచితే, చిక్కిన ప్రతి బ్యాక్టీరియా కంటికి కనిపించే చుక్కగా పెరుగుతుంది. ఆ చుక్కలను లెక్కిస్తారు. భారతదేశంలో స్నానానికి, జలక్రీడలకు ఉద్దేశించిన సముద్రజలాల్లో ప్రతి 100 మిల్లీలీటర్లకు మలసంబంధ కోలిఫారం (ఈ.కోలి చేరిన బ్యాక్టీరియా వర్గం) 100 మించరాదన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. 2020లో విశాఖపట్నం రుషికొండ బీచ్‌కు దక్కిన, శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపునకు ఉన్న 33 నిబంధనల్లో కూడా నీటి పరీక్షలు ముఖ్యమైనవి, అక్కడ ఈ.కోలి 250కి, ఎంటెరోకోకై 100కి లోబడి ఉండాలి.

ఈ లెక్క మలం ఎంత కలిసిందో సూచిస్తుంది గాని, ఎవరిదో చెప్పదు. ఈ లోపం చిన్నది కాదు. 1970 దశకంలో శాస్త్రవేత్త విక్టర్ కాబెల్లి బృందం అమెరికాలో న్యూయార్క్ వంటి నగరాల తీరాల్లో స్నానం చేసినవారి కడుపు జబ్బులను నీటిలోని ఎంటెరోకోకై సంఖ్యతో పోల్చి చూసింది. 1986లో ఆ దేశం ప్రకటించిన ప్రమాణాలకు ఆ పరిశీలనలే పునాది. అయితే ఆ తీరాలు ప్రధానంగా మనుషుల మురుగు కలిసినవి. మనుషుల మురుగులో నోరోవైరస్ వంటి, మనిషికే ప్రత్యేకమైన వైరస్‌లు ఉంటాయి. సీగల్ రెట్టలో అవి సాధారణంగా ఉండవు. కనుక మురుగు కలిసిన నీటిలో 100 అన్న అంకె సూచించే ప్రమాదమూ, రెట్ట కలిసిన నీటిలో అదే అంకె సూచించే ప్రమాదమూ ఒకటి కావు. 2010లో వెలువడిన ఒక గణిత అంచనా, సూచికల సంఖ్య సమానంగా ఉన్నప్పుడు సీగల్, కోడి, పంది మలాల వల్ల కలిగే ప్రమాదం మనిషి మురుగు కన్నా బాగా తక్కువనీ, పశువుల పేడ వల్ల కలిగేది మాత్రం మనిషి మురుగుకు దాదాపు సాటి రాగలదనీ తేల్చింది. గట్ల వెంట పశువులు మేసే నదులన్నిటి విషయంలోనూ ఈ చివరి మాట గుర్తుంచుకోదగినది.

అంతమాత్రాన రెట్ట నిరపాయమైనదని భావించరాదు. విరేచనాలు కలిగించే కాంపిలోబాక్టర్, సాల్మొనెల్లా క్రిములను పక్షులు మోస్తాయి. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకునే తడి ఇసుకలో సూచిక బ్యాక్టీరియా నీటిలో కన్నా ఎక్కువకాలం నిలుస్తుంది, ఎందుకంటే నీటి పైపొరలో వాటిని చంపే ఎండ ఇసుక లోపలికి చేరదు. అమెరికాలో మిచిగన్ సరస్సు తీరాన శిక్షణ పొందిన కుక్కలతో సీగల్స్‌ను తరిమినప్పుడు నీటిలో ఈ.కోలి గణనీయంగా తగ్గింది. సరస్సులో ఫలించిన ఆ ఉపాయాన్ని చేపల వేటే జీవనాధారమైన పల్లెకు తేవడం మాత్రం తగదు. పక్షులు అక్కడికి వచ్చేది ఆహారం కోసం. శుభ్రం చేసిన చేపల పేగులు, అమ్ముడుపోని చిల్లర చేప ఒడ్డున కుళ్లకుండా రోజూ ఎత్తివేసే ఏర్పాటుంటే, వాటి గుంపు దానంతటదే పలచబడుతుంది. పక్షి రెట్టను శాపంగా మాత్రమే చూడటమూ సరికాదు. తిరుపతి జిల్లా నేలపట్టులో గూడబాతులు, నత్తగుల్ల కొంగలు గూళ్లు కట్టే చెరువు నీరు రెట్టలోని నత్రజని, భాస్వరాల వల్ల పొలానికి ఎరువవుతుందని రైతులు దానిని కోరుకుంటారు.

మలం ఎవరిదో కనిపెట్టే మార్గం ఇప్పుడు ఉంది. కొన్ని బ్యాక్టీరియా ఒక్కో జీవి పేగుల్లోనే ప్రత్యేకంగా బతుకుతాయి. సీగల్ రెట్టలో కాటెల్లికోకస్ అనే బ్యాక్టీరియా, మనిషి మలంలో బాక్టీరాయిడీస్ జాతికి చెందిన ఒక ప్రత్యేక రకం జన్యుపదార్థం గుర్తులుగా పనికివస్తాయి. నీటి నుంచి డీఎన్‌ఏ తీసి ఈ గుర్తులను వెతికితే, అంకె వెనక ఉన్నది పక్షో మనిషో చాలావరకు తేలిపోతుంది. ఈ పరీక్షకు ఖర్చు ఎక్కువ గనుక ప్రతి తీరంలో ప్రతి వారం చేయలేరు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్యాక్టీరియా లెక్కతో పాటు తీరాన్ని కళ్లతో పరిశీలించి, కాలువ ఎక్కడ కలుస్తోంది, మరుగుదొడ్లు ఎక్కడున్నాయి, వానకు ఏ నీరు ఎటు పారుతుంది అన్నవి నమోదు చేయాలని 2003 నాటి మార్గదర్శకాల నుంచీ చెబుతోంది. దీనికి పెద్ద యంత్రాలేవీ అక్కరలేదు. స్థానిక సంస్థల సిబ్బంది చేయగల పని.

పెంటకోట వంటి మొగ దగ్గర ఈ పరిశీలన నదితోనే మొదలు కావాలి. ఒడ్డున పట్టణాలున్న నది తొలకరి వానలకు గట్టున నెలల తరబడి పేరుకున్నదంతా కడిగి తెస్తుంది. మురుగు శుద్ధి కాకుండా నదిలో కలిసే చోట, తీరాన రెట్ట కనిపించిందని పక్షులనే తప్పుపట్టడం అసలు కారణాన్ని వదిలేయడమే అవుతుంది. ఆకాశంలో ఎగిరే పక్షి అందరికీ కనబడుతుంది, నీటి అడుగున కలిసే కాలువ కనబడదు. నమూనాలను మొగలోనూ, మొగకు దూరంగా పక్షులు ఎక్కువగా వాలే ఒడ్డునా విడివిడిగా, పొడి రోజుల్లోనూ వాన పడిన మర్నాడూ తీసి పోల్చాలి. వాన తర్వాత మొగ దగ్గరే సంఖ్య ఎగబాకితే నది పైభాగంలో మురుగునో పేడనో వెతకాలి. పొడి రోజుల్లో కూడా పక్షులు వాలే చోటనే ఎక్కువగా ఉంటే చేపల వ్యర్థాల సంగతి చూడాలి. ఆ ఫలితాలు వచ్చేదాకా, పెద్ద వాన కురిసిన తరువాత రెండు మూడు రోజులు మొగ సమీపంలో స్నానం మానడం, పిల్లలను తడి ఇసుకలో ఆడించాక సబ్బుతో చేతులు కడిగించడం అవసరం.