కంప్యూటర్ కోడల్ లైఫ్ ఎవరు రాస్తారు?

రైల్వేలో పనిచేసినవాళ్లకు కోడల్ లైఫ్ గురించి, అంటే నియమావళిలో రాసిన వాడుక ఆయుష్షు గురించి, విడమరచి చెప్పక్కర్లేదు. ఐసీఎఫ్ రకం రైలుపెట్టెకు 25 ఏళ్లు. మెయిల్, ఎక్స్‌ప్రెస్‌లకు తగిలించే పెట్టె అయితే 18 నెలలకోసారి పీఓహెచ్ అనే పూర్తి మరమ్మతుకు వర్క్‌షాపుకు పోవాల్సిందే. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు జనం పని వెతుక్కుంటూ ఆ లైన్ పట్టుకుని వచ్చారు. కొందరు ఖరగ్‌పూర్‌లో దిగారు, కొందరు బిలాస్‌పూర్‌లో. ఇప్పుడు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైన ఈ ఊళ్లో వాళ్ల మనవలు, మునిమనవలు ఉన్నారు. ఈ ఇళ్లల్లో రైలుపెట్టె ఆయుష్షు నోటి లెక్క. బల్ల మీది కంప్యూటర్ ఆయుష్షెంతని అడిగితే మాత్రం "పాడయ్యేదాకా" అంటారు. అది పాడవకముందే దాని మీద ఒక తేదీ పడింది: 2025 అక్టోబర్ 14.

ఆ రోజుతో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసింది. 2015 జులై 29న వచ్చిన సిస్టమ్ అది, పదేళ్లు నడిచింది. తేదీ దాటినంత మాత్రాన కంప్యూటర్ ఆగదు, ఫైళ్లు పోవు, తెలుగు టైపింగ్ పోదు. ఆగేవి ప్యాచ్‌లు. కొత్తగా బయటపడ్డ లోపాలను పూడ్చుతూ నెలనెలా రెండో మంగళవారం, మనకు రాత్రి పదిన్నరకో పదకొండున్నరకో వచ్చేవి అవే.

ప్యాచ్ లేకపోతే ఏమవుతుందో 2017లో లోకమంతా చూసింది. మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక లోపాన్ని సరిచేస్తూ ప్యాచ్ ఇచ్చింది. మే 12న అదే లోపంలోంచి వన్నాక్రై అనే హానికర ప్రోగ్రాం దూరింది. మధ్యలో 59 రోజులు. ఆలోపు అప్‌డేట్ పెట్టుకున్నవాళ్లు బతికిపోయారు. వాయిదా వేసినవాళ్ల ఫైళ్లకు తాళం పడింది, తీయడానికి 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా ఉన్నాయి. అప్పట్లో అందరూ పాత ఎక్స్‌పీని తిట్టారు గానీ, కాస్పర్‌స్కీ లెక్కలో దెబ్బతిన్నవాటిలో 98 శాతం విండోస్ 7వి. అంటే ప్యాచ్ చేతికందేంత దగ్గర్లో ఉండీ వేసుకోనివి. "అప్‌డేట్ వస్తే స్లో అయిపోతుంది మావయ్యా, ఆఫ్ చేసేయ్" అని సలహా ఇచ్చే మేనల్లుడు ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. వాడి మిగతా సలహాలు మీ ఇష్టం, ఇది మాత్రం వినకండి.

విండోస్ 10 వాడేవాళ్లకు ఈఎస్‌యూ పేరుతో ఒక వెసులుబాటు ప్రకటించారు. అందులో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా ప్యాచ్‌లు వస్తాయి. చేరడానికి 30 డాలర్లు కట్టొచ్చు, మైక్రోసాఫ్ట్ రివార్డ్స్‌లో 1,000 పాయింట్లు ఖర్చు పెట్టొచ్చు, లేదా కంప్యూటర్ సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాకు బ్యాకప్ చేసుకోవచ్చు. చివరిది ఉచితం. వన్‌డ్రైవ్‌లో ఊరికే దొరికే చోటు 5 జీబీయే కాబట్టి ఫొటోల ఫోల్డర్లను వదిలేసి సెట్టింగులు మాత్రమే ఎంచుకుంటే సరిపోతుంది. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు పట్టుబడితే అక్కడివాళ్లకు ఈ బ్యాకప్ షరతు కూడా ఎత్తేశారు. అదే సాఫ్ట్‌వేర్, అవే ప్యాచ్‌లు. నిలదీసినవాళ్లకు ఒక రేటు, ఊరుకున్నవాళ్లకు ఒక రేటు.

పోనీ విండోస్ 11కి మారిపోదామంటే? అది 2021 అక్టోబర్ 5న వచ్చింది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం అడుగుతుంది. అవి చాలామందికి ఉన్నవే. అడ్డం పడేవి వేరే రెండున్నాయి: టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్. మీది ఏ తరమో తెలుసుకోవడానికి దుకాణానికి పోనక్కర్లేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరవండి. ఐ3-7020యూ అని ఉంటే గీత పక్క అంకె 7. అంటే ఏడో తరం, లోపలికి రానివ్వరు. ఐ5-8250యూ అయితే 8, రానిస్తారు. గీత పక్కన 10, 11, 12 ఉంటే బెంగలేదు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఆ ఐ3-7020యూని ఇంటెల్ మార్కెట్లోకి వదిలింది 2018లో. మన దేశంలో చవక ల్యాప్‌టాప్‌ల వరసలో అది కొత్త సరుకుగానే అమ్ముడైంది. కూతురు ఇంజినీరింగ్‌లో చేరిందని అప్పుడు అప్పుచేసి కొన్న ఇంటికి విండోస్ 10 గడువు దాకా దక్కింది ఆరేడేళ్లు. యంత్రం ఇంకా గట్టిగానే ఉంది. దాని కోడల్ లైఫ్ రాసింది చేసినవాళ్లూ కాదు, వాడేవాళ్లూ కాదు, సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు. ఈ గడువు వల్ల 24 కోట్ల కంప్యూటర్లు తుక్కులోకి పోవచ్చని కెనాలిస్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ 2023 డిసెంబర్‌లో అంచనా కట్టింది. షరతంతా భద్రత కోసమేనన్న కంపెనీ మాట పూర్తిగా అబద్ధమనను, టీపీఎం పనికొచ్చేదే. కానీ ఏడో తరం యంత్రాలు చాలావాటిలో టీపీఎం 2.0 ఉంది. ఆమోదించిన ప్రాసెసర్ల జాబితాలో పేరు లేకపోవడమే వాటి నేరం.

రైల్వే అయినా వయసు మీరిన ఐసీఎఫ్ పెట్టెను నేరుగా తుక్కుకు వేయదు. చాలావాటిని కిటికీలు మూసేసి, కార్లు మోసే ఎన్‌ఎంజీ రేక్‌లో కలిపి ఇంకొన్నేళ్లు నడుపుతుంది. పాత ల్యాప్‌టాప్‌కు ఆ పని చేసిపెట్టేది లినక్స్ మింట్. డబ్బు కట్టక్కర్లేదు, 4 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 22వ వెర్షన్‌కు 2029 దాకా అప్‌డేట్లున్నాయి. బ్యాంకు, యూట్యూబ్, విశాఖకు టికెట్ తీసే ఐఆర్‌సీటీసీ, అన్నీ బ్రౌజర్‌లో జరిగేవే కదా. ట్యాలీ లేనిదే గడవనివాళ్లకు, మొండి ప్రింటర్లున్నవాళ్లకు మాత్రం తంటా తప్పదు.

దుకాణంలో ఈ మాటలేవీ వినపడవు. బుధవారీ బజార్‌లోనో వ్యాపార్ విహార్‌లోనో కౌంటర్ మీద ల్యాప్‌టాప్ పెట్టి "బహుత్ స్లో హో గయా" అనగానే తరచూ వచ్చే జవాబు: "వైరస్ హోగా అంకుల్, ఫార్మాట్ మార్‌నా పడేగా." తల ఊపేముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. డిస్క్ వరస 100 శాతం దగ్గర బిగుసుకుపోయి, కింద వేగం మాత్రం సెకనుకు ఒక ఎంబీ అటూఇటూగా కొట్టుకుంటుంటే ముందు అనుమానించాల్సింది వైరస్‌ను కాదు, హార్డ్‌డిస్క్‌ను.

లెక్క చూడండి. మామూలు ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్ నిమిషానికి 5,400 చుట్లు, అంటే సెకనుకు 90 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావాల్సిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు పడుతుంది కాబట్టి ఐదున్నర. హెడ్ ఆ వరస దగ్గరికి జరగడానికి సుమారు 12. మొత్తం పదిహేడున్నర. ఈ లెక్కన సెకనుకు 57 సార్లకు మించి వెతకలేదు. విండోస్ మొదలయ్యేటప్పుడు చదివేవి ఎక్కువగా చిన్నచిన్న ముక్కలు. ఒక్కోటి 4 కేబీ అనుకుంటే వచ్చేది 228 కేబీ. ప్రకటనలో సెకనుకు 100 ఎంబీ అని చెప్పుకున్న డిస్కే ఇది! సినిమా ఫైలును వరసగా చదివినప్పుడు ఆ 100 నిజమే. అప్‌డేట్, యాంటీవైరస్ స్కాన్, క్రోమ్ మూడూ ఒక్కసారి మీద పడ్డప్పుడు ఈ 228 నిజం. హార్డ్‌డిస్క్ బదులు పెట్టుకునే ఎస్‌ఎస్‌డీలో తిరిగేదంటూ ఏదీ లేదు, సాదా సాటా రకం కూడా సెకనుకు పదుల వేల సార్లు చదువుతుంది. ఫార్మాట్ చేయిస్తే కొన్నాళ్లు చురుగ్గా ఉన్నట్టుంటుంది, తర్వాత కథ మామూలే. ఎందుకంటే ఆ 57 మారలేదు.

పాత డిస్క్ తీయించి ఎస్‌ఎస్‌డీ పెట్టించే ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంతో దాని ఆరోగ్యం చూడండి. పసుపు రంగులో "కాషన్" అని వస్తే ఆ రోజే ఫొటోలు వేరేచోట పెట్టాలి. 2007లో గూగుల్ ఇంజినీర్లు తమ డిస్కుల మీద చేసిన అధ్యయనంలో, మొదటి స్కాన్ లోపం కనపడ్డ డిస్క్ తర్వాతి 60 రోజుల్లో చచ్చిపోయే అవకాశం మిగతావాటికన్నా 39 రెట్లు ఎక్కువని తేలింది.

ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ ధరల సంగతి వేరే బాధ. 2025 చివరి నుంచి అవి పైకి ఎగబాకాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను మూకుమ్మడిగా లాగేసుకుంటుండటమే పెద్ద కారణం. ఇళ్లలో కంప్యూటర్లకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబర్ 3న ప్రకటించింది. పెద్ద కస్టమర్లకు సరఫరా పెంచడానికేనని కారణం దాచుకోలేదు కూడా. ఏఐ వల్ల మనకు ఒరిగిందెంతో ఇంకా వాదించుకోవచ్చు గానీ, బిల్లు మాత్రం ముందే వచ్చేసింది.

ఎండల మాట కూడా ఒకటి. ఇంటెల్ ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. గది 25 డిగ్రీలుంటే 75 డిగ్రీల ఎడం ఉంటుంది. బిలాస్‌పూర్ మే నెలలో 45 డిగ్రీల వేడిలో అది 55కి పడిపోతుంది. ఫ్యాన్ సందుల్లో దుమ్ము కూడా పేరుకుంటే ఇక చెప్పేదేముంది? మధ్యాహ్నం నత్తనడక నడిచి రాత్రికి బాగుపడే ల్యాప్‌టాప్‌కు కావాల్సింది ఒక బ్రష్షు, అంతే.

ఇక యాంటీవైరస్. రోజుకు నాలుగున్నర లక్షల కొత్త హానికర ప్రోగ్రాములు నమోదవుతున్నాయని జర్మనీలోని ఏవీ-టెస్ట్ ల్యాబ్ చెబుతుంది. ఆ అంకె చూపించి ఏటేటా రెన్యూవల్ అమ్ముతారు. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్‌కు అదే ల్యాబ్ పరీక్షల్లో రక్షణకు ఆరుకు ఆరు మార్కులు రావడం మామూలైపోయింది. ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఇంటి కంప్యూటర్‌కు అది చాలని నా అభిప్రాయం.

పైగా భద్రతా సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో ఎంత లోతుకు పోతే, తప్పు జరిగినప్పుడు దెబ్బ అంత లోతుగా తగులుతుంది. 2024 జులై 19, శుక్రవారం. ఉదయం 9 గంటల 39 నిమిషాలకు భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ ఒక చిన్న ఫైలు పంపింది. ఆ ఫైలు 21 విలువలు కావాలంది, సాఫ్ట్‌వేర్ అందించినవి 20. లేని ఆ 21వ దాని కోసం చేయి చాచేసరికి విండోస్ కుప్పకూలింది. 10 గంటల 57 నిమిషాలకు ఫైలు వెనక్కి తీసుకున్నారు. ఆ 78 నిమిషాల్లో నీలి తెర పడ్డ కంప్యూటర్లు 85 లక్షలని మైక్రోసాఫ్ట్ లెక్క. హైదరాబాద్ విమానాశ్రయంలో ఆ రోజు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. 2010 ఏప్రిల్‌లో మెకఫీ యాంటీవైరస్ విండోస్ సొంత ఫైలునే వైరస్ అనుకుని ఎక్స్‌పీ యంత్రాలను పడగొట్టింది. అప్పుడు మెకఫీలో సీటీఓ జార్జ్ కర్ట్జ్. 2024లో క్రౌడ్‌స్ట్రైక్ సీఈఓ కూడా ఆయనే.

క్రౌడ్‌స్ట్రైక్ దెబ్బ తగిలిన రోజు మరమ్మతుకు సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలు తీసేస్తే చాలు. కానీ డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న యంత్రాలు ముందు 48 అంకెల రికవరీ కీ అడిగాయి. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఈ తాళం మీకు తెలియకుండానే పడి ఉంటుంది. మదర్‌బోర్డు మార్పించిన రోజు ఆ 48 అంకెలు అడుగుతుంది, లేకపోతే డిస్క్‌లోనివన్నీ పోయినట్టే. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి చూసి, పింఛను కాగితాలుండే ఫైల్లో రాసి పెట్టుకోండి.

ఇంతా చేసి, మన డబ్బు పోయేది ఎక్కువగా వైరస్‌ల వల్ల కాదు. 2024లో దేశంలో సైబర్ మోసాలకు పోయింది 22,845 కోట్ల రూపాయలు. అంతకు ముందు ఏడాది 7,465 కోట్లు, అంటే ఏడాదిలో మూడింతలు. 2024లో అందిన ఫిర్యాదులు 36 లక్షల పైచిలుకు, తలా సుమారు 63 వేలు. ఇందులో చాలాభాగం ఫోన్ కాల్‌తో మొదలై, మనమే నొక్కిన బటన్‌తో ముగిసినవి. యాంటీవైరస్‌కు అక్కడ పనిలేదు.

రిటైరైన రైల్వేవాళ్లకు ప్రమాదకరమైన నెల నవంబర్, లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెల. "మీ పీపీఓ ఆగిపోతుంది సార్, ఒక ఓటీపీ చెప్పండి" అనే గొంతుకు మీ పేరు, రిటైరైన తేదీ ముందే తెలిసి ఉంటాయి. ఇంకో రకం తెర మీద వస్తుంది: కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదని ఆ కంపెనీయే చెబుతోంది. ఆల్ట్, ఎఫ్4 నొక్కితే చాలామటుకు పోతుంది, పోకపోతే పవర్ బటన్ పట్టుకుని ఆపేయండి. అవతలివాడు మన కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపించే ఎనీడెస్క్ వేసుకోమన్నాడంటే ఇక మాటలు అనవసరం. మెయిల్‌కు, బ్యాంకుకు రెండంచెల లాగిన్ పెట్టుకుంటే ఖాతా దొంగతనాల్లో 99.9 శాతం ఆగుతాయని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. ఆ రెండో అంచెలో వచ్చే ఓటీపీని మనమే చదివి వినిపిస్తే ఆ శాతానికి విలువ లేదు.

డబ్బు పోయిందని తెలిసిన క్షణంలో ముందు వైఫై తీసేయండి. తర్వాత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, ఆ వెంటనే బ్యాంకుకు. ఈ వ్యవస్థ ద్వారా మోసగాళ్ల చేతికి చిక్కకుండా ఆపిన సొమ్ము 2025 మధ్యనాటికి 5,400 కోట్లు దాటింది. ఆపగలిగేది ఇంకా ఖాతాలో ఉన్న డబ్బునే. పరువు పోతుందని ఇంట్లో చెప్పకుండా రాత్రంతా కూర్చుంటే, తెల్లారేసరికి అది నాలుగైదు ఖాతాలు దాటి ఉంటుంది.