భూమి కుదువ పెట్టేముందు వీసా షరతు చూడండి

ఎకరమో, రెండెకరాలో కుదువపెట్టి పిల్లల్ని అమెరికా చదువుకు పంపే రైతులు దేవరకొండ, కల్వకుర్తి వైపు కూడా ఉన్నారు. "అక్కడ పనిచేసి ఫీజు తనే కట్టుకుంటడు, అప్పు కూడా తీరుస్తడు" అనే మధ్యవర్తి మాట మీద కాగితాలు రాసివ్వొద్దు.

చదువు వీసా (ఎఫ్-1) మీద పోయినవారు కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. అదీ కాలేజీ ఆవరణలోనే. మొదటి ఏడాది బయట పెట్రోలు బంకులో, హోటల్లో పనికి అనుమతి లేదు. ఆ కూలి తిండికి సరిపోతే గొప్ప, మిత్తికి ఏం మిగులుతుంది?

వేసవిలో పనిచేస్తూ దేశం చూసొచ్చే జె-1 వీసా వేరు. అది స్వదేశంలో కాలేజీ చదువుతున్నవారికే, గడువు నాలుగు నెలలే.

2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడితే తెలుగు పిల్లలు చాలామంది చిక్కుల్లో పడ్డారు. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే వీసా మోసాలు పట్టడానికి అక్కడి ప్రభుత్వమే పెట్టిన ఉత్తుత్తి కాలేజీ. పాఠాల్లేవు, పంతుళ్ళూ లేరు. 2019లో 129 మంది భారతీయులు పట్టుబడ్డారు.

విత్తనాల సంచికి బిల్లు అడిగినట్టే, "క్లాసులు రోజూ జరుగుతాయా?" అని అక్కడ చదివే పిల్లల్నే అడగండి. "క్లాసుకు పోనక్కర్లేదు, పని చేసుకోవచ్చు" అన్నారంటే అది మొలవని విత్తనమే.